మరీ వైడ్ కాని వైడ్: 28, 35 ఎప్పుడు తగిలించాలి?

ఓ తమ్ముడు రాసి అడిగింది క్లుప్తంగా ఇదీ: "నాది క్రాప్ సెన్సర్ కెమెరా. దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు, తర్వాత కొన్న 50 ఎం.ఎం. 1.8 ఉన్నాయి. వేళచ్చేరిలో మా ఫ్లాట్ హాల్లో 50 పెడితే, గోడకి వీపు ఆనించినా నలుగురు పట్టడం లేదు. అందరూ 35 కొనుక్కోమంటున్నారు. వచ్చే నెల మా అక్క పెళ్లి, ఇక్కడే చెన్నైలో కల్యాణ మండపంలో. ఈ 28, 35 ఎం.ఎం. లాంటి ఓ మాదిరి వైడ్ లెన్సులు అసలు ఎప్పుడు వాడాలి?"

మాది నెల్లూరు. మద్రాసొచ్చి ఇరవై నాలుగేళ్లయింది, అప్పట్నించీ పెళ్లిళ్లే నాకు తిండి పెడుతున్నాయి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టు.

ముందు కొనుగోలు సంగతి. ఆ 35 కొనకు. కనీసం ఈ పెళ్లి అయ్యేదాకా కొనకు. 35 అంటే వైడ్ అని నీకు చెప్పినవాళ్లు ఫుల్ ఫ్రేమ్ లెక్కలో, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాల లెక్కలో చెప్పారు. నీ క్రాప్ బాడీలో సెన్సర్ చిన్నది, దాని మీద 35 బిగిస్తే ఫుల్ ఫ్రేమ్ మీద 52 ఎంత చూస్తుందో అంతే చూస్తుంది. అది నార్మల్ లెన్సు, వైడ్ కాదు. నీ దగ్గరున్న 50 ఏమో 75 అయి కూర్చుంది, నలుగురు పట్టకపోవడం దాని తప్పు కాదు. జనం మెచ్చుకునే ఆ 35 చూపు నీక్కావాలంటే నీ కెమెరా మీద 23, 24 పెట్టాలి. 28 చూపు కావాలంటే 18. రెండూ నువ్వు చిన్నచూపు చూస్తున్న ఆ కిట్ లెన్సులోనే ఉన్నాయి. నికాన్, సోనీ, ఫూజీ క్రాప్ బాడీలకి 1.5తో, కానన్‌కి 1.6తో హెచ్చవేసుకో, అంతే. ఇక్కణ్ణించి, నీ కిట్ లెన్సు, నీ 50, నీ బాడీ అన్నచోట తప్ప, నేను చెప్పే అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కే, నీకు తగ్గట్టు నువ్వు మార్చుకో.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి నేను డిగ్రీలు చెప్పను. 35కి అడ్డంగా 54 డిగ్రీలు, 28కి 65 అంటే మండపంలో ఎవడికి గుర్తుంటుంది? అడుగుల్లో చెబుతాను. 35తో నువ్వెంత దూరంలో నిలబడితే ఇంచుమించు అంత వెడల్పు పడుతుంది. 10 అడుగుల దూరం నుంచి 10 అడుగుల గోడ. ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు, లెన్సు 35, రెండూ దాదాపు సమానం కాబట్టి ఈ లెక్క ఇంత సులువుగా కుదిరింది. అదే 10 అడుగుల నుంచి 28 పెడితే 13 అడుగులు, 24 పెడితే 15, 50 పెడితే 7 పైచిలుకు. నీ 50కైతే 5 కూడా రాదు. మీ హాలు ఎన్ని అడుగులో కొలుచుకో, ఏ లెన్సు కావాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. మండపంలోకి అడుగుపెట్టగానే నేను చేసే మొదటి పని కూడా ఇదే. పీటల నుంచి వేదిక అంచుకి ఎన్ని అడుగులు, అంచు నుంచి మొదటి వరస కుర్చీలకి ఎన్ని అడుగులు అని అడుగులో అడుగేసి కొలుస్తాను. చూసేవాళ్లు వాస్తు చూస్తున్నాననుకుంటారు.

ఇక అసలు ప్రశ్న. చాలామంది వైడ్‌ని 'ఎక్కువ పట్టించడానికి' వాడతారు. వెనక్కి జరగడానికి చోటు లేదు, కాబట్టి వైడ్. తప్పని అనను, గతిలేనప్పుడు నేనూ అదే చేస్తాను. కానీ కోరి తగిలించేది వేరే సందర్భంలో. మనిషికి దగ్గరగా నేను ఉండాలి, ఆ మనిషి ఎక్కడున్నదీ బొమ్మలో తెలియాలి. ఈ రెండూ ఒకేసారి కావాల్సి వచ్చినప్పుడే 28, 35. మనిషి ఒక్కడే చాలనుకుంటే 85. చోటు ఒక్కటే చాలనుకుంటే ఇంకా వైడ్.

ఇది చదివితే తలకెక్కదు, తీసి చూడాలి. ఓ సాయంత్రం మైలాపూరు వెళ్లు. పొద్దున వద్దు, ఎండ ఎదురుగా కొడుతుంది. కపాలీశ్వరుడి కోనేటికి పడమటి గట్టున స్నేహితుణ్ణి నిలబెట్టు, వెనక నీళ్లూ గోపురమూ కనపడేలా. కిట్ లెన్సు 24 దగ్గర పెట్టి 6 అడుగుల నుంచి ఒకటి తియ్యి. తర్వాత 55కి తిప్పి, మనిషికి 14 అడుగుల దూరం దాకా వెనక్కి వచ్చి, ఫ్రేములో మనిషి మునుపటంతే ఉండేలా చూసుకుని ఇంకోటి తియ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మనిషి అదే సైజు. గోపురం మాత్రం మొదటి దాంట్లో రెండో దాంట్లో ఉన్నదానికి సగం కూడా ఉండదు. "గుడి ముందు ఫోటో తీయమంటే గుడిని అగ్గిపెట్టె చేశాడు" అని మనవాళ్లు వాపోయేది ఇందుకే. గోపురం ఠీవిగా కావాలంటే వెనక్కి వెళ్లి పొడుగు లెన్సు పెట్టు. కోనేరూ, మెట్లూ, మల్లెపూల బుట్టతో కూర్చున్న అమ్మా, వీళ్లందరి మధ్యలో ఈ మనిషీ అనుకుంటే ముందుకొచ్చి వైడ్ పెట్టు.

గోపురాన్ని చిన్నది చేసింది లెన్సు కాదు, నీ కాళ్లు. ఆ 6 అడుగుల్లోనే నిలబడి 55తో తీసినా గోపురానికీ మనిషికీ ఉన్న నిష్పత్తి మారదు, ఫ్రేము ఇరుకవుతుంది అంతే. ఎక్కడ నిలబడాలన్నది ముందు తేల్చుకో, లెన్సు తర్వాత. జూమ్ ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. ఉన్నచోటనే ఉండి చేత్తో తిప్పుతుంటారు. అందుకే కిట్ లెన్సు మీద 24 దగ్గర కదలకుండా ఓ ముక్క టేపు అంటించమంటాను.

ఇప్పుడు పెళ్లి. అడ్డుతెర ఘట్టం తీసుకో. మన పెళ్లిలో అన్నిటికన్నా ఇరుకైన నిమిషం అది. ముహూర్తం ముంచుకొస్తుంది, పంతులుగారి గొంతు హెచ్చుతుంది, బంధువులంతా వేదిక మీదికి ఎక్కేస్తారు, వీడియో అబ్బాయి లైటు పట్టుకుని నీ భుజం మీద ఉంటాడు. నీకు దక్కేది 6 అడుగుల దూరం. తెర అంచుకి సూటిగా పక్కన నిలబడు. అప్పుడు తెర మధ్యలో సన్నటి గీతలా కనిపిస్తుంది, అటు పెళ్లికూతురు, ఇటు పెళ్లికొడుకు, జీలకర్రబెల్లం పట్టుకుని ఎత్తిన చేతులు. 35తో 6 అడుగుల వెడల్పు పడుతుంది కనుక ఇద్దరూ, తెర పట్టుకున్న మేనమామా, వెనక నుంచి తొంగిచూసే ఇద్దరు ముగ్గురు పిల్లలూ వస్తారు. 50తో వధూవరులిద్దరే వస్తారు, తెర ఎవరు పట్టుకున్నారో తెలియదు. 16తో పదమూడు అడుగులు పడుతుంది. స్టీలు బకెట్లు, మంచినీళ్ల సీసాలు, వీడియో స్టాండు, ఫోను చూసుకుంటున్న పెదనాన్న, అన్నీ వచ్చి ఆ ఇద్దరూ మధ్యలో బొమ్మలైపోతారు. ఈ ఒక్క ఘట్టానికి 35కి సాటి వచ్చే లెన్సు నేను చూడలేదు.

తలంబ్రాలకీ అదే, కాకపోతే ఇంకో అడుగు దగ్గరికి. బియ్యం లెన్సు మీద పడతాయి, పడనీ. చేతుల వేగానికి షట్టర్ 250 (అంటే సెకనులో 250వ వంతు) కన్నా తగ్గించకు. 35ని 30 షట్టర్ దగ్గరైనా చేత్తో పట్టుకోవచ్చన్నది పాత సూత్రం, కానీ ఆ సూత్రం నీ చెయ్యి వణుకుడికే, వాళ్ల చేతుల విసురుకి కాదు. అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) విషయంలో ఆశపడకు. ఫుల్ ఫ్రేమ్ మీద 35ని ఎఫ్ 2లో పెట్టి 5 అడుగుల్లో ఫోకస్ చేస్తే, స్పష్టంగా వచ్చే లోతు 9 అంగుళాలే. ఒకరి ముక్కు మీద ఫోకస్ పడి రెండోవాళ్లు మసకబారితే ఆ క్షణం మళ్లీ రాదు. రంధ్రాన్ని ఎఫ్ 4కి తగ్గిస్తే లోతు అడుగున్నర అవుతుంది. నీ కిట్ లెన్సు 24 దగ్గర ఎటూ 4కి అటూ ఇటుగానే తెరుచుకుంటుంది, క్రాప్ బాడీ కాబట్టి ఆ లోతు రెండడుగులకి వస్తుంది. అంటే దాని పేదరికమే ఇక్కడ నీకు కలిసొచ్చింది. మండపంలో వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 3200 పెట్టు, భయపడకు. కాస్త గరుకుగా ఉన్న ఫోటోని మీ అమ్మ ఏమీ అనదు.

గౌరీపూజ చేసే గది, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గది మండపాల్లో 10 అడుగులకి మించి ఉండవు. అక్కడ 28. నేల మీద కూర్చుని తీస్తే పెట్టెలూ చీరలూ అద్దమూ అన్నీ చోటు చేసుకుంటాయి. భోజనాల హాల్లోనూ 28 నాకిష్టం. పంక్తి మొదట్లో వంగి, మొదటి విస్తరికి మూడడుగుల్లో కెమెరా పెడితే ఆ అరిటాకు పెద్దగా, మిగతావి వరసగా చిన్నవవుతూ హాలు చివరిదాకా పోతాయి. వడ్డించేవాడి సాంబారు బకెట్ ఫ్రేములోకి ఎప్పుడొస్తుందో చూసుకుని నొక్కాలి. వైడ్ లెన్సుకి ముందు ఏదో ఒకటి దగ్గరగా ఉండాలి, లేకపోతే బొమ్మ అడుగు సగం ఖాళీ నేలే.

అప్పగింతలకి మాత్రం వైడ్ వద్దు. ఏడుస్తున్న తల్లి మొహంలోకి 35 తోసుకెళ్లేవాణ్ణి నేను మెచ్చను. నీ 50 ఉంది కదా, దాని రోజు అదే. పది పన్నెండు అడుగులు తప్పుకుని, ఎవరికీ అడ్డం రాకుండా తియ్యి. నువ్వు తమ్ముడివి కూడా, అప్పుడు కెమెరా ఎవరికైనా ఇచ్చేసినా నేను తప్పుపట్టను.

గ్రూపు ఫోటోల దగ్గర నేను పడ్డ అవస్థ చెప్పాలి. మొదటి రోజుల్లో ఓ పెళ్లిలో వేదిక ముందు చోటు లేక, కొత్తగా కొన్న అతి వైడ్ జూమ్ 16 దగ్గర పెట్టి ఇరవై మందిని ఒకే వరసలో లాగించేశాను. అంచున నిలబడింది పెళ్లికూతురి పెద్దమ్మ. అసలే కాస్త దిట్టమైన మనిషి. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆవిడ ఆ పేజీ తెరిచి, "ఏమయ్యా, నా తలకాయని గుమ్మడికాయ చేశావే?" అంది. నిజంగానే చేశాను. ఆ పేజీ నా డబ్బుతో మళ్లీ వేయించాల్సి వచ్చింది.

అలా ఎందుకైందంటే, గీతల్ని వంచకుండా చూపించే మామూలు వైడ్ లెన్సు గుండ్రటి వస్తువుల్ని అంచుల వైపు సాగదీస్తుంది. లెన్సు నాసిరకమై కాదు, వంద డిగ్రీల దృశ్యాన్ని బల్లపరుపు సెన్సర్ మీద పరచడంలోనే ఆ సాగుడు ఉంది. పక్క అంచున తల ఎంత వెడల్పు సాగుతుందో లెక్క కట్టొచ్చు. 35కి సుమారు 12 శాతం, 28కి 19, 24కి 25, 16కి ఏకంగా 50. పన్నెండు శాతం ఎవరి కంటికీ ఆనదు. పాతిక శాతం ఆనుతుంది, నలుగురిలో ఒకరు అడుగుతారు. యాభై అంటే గుమ్మడికాయే. ఓ మాదిరి వైడ్‌కి ఉన్న విలువ ఈ అంకెల్లోనే ఉంది. చోటు పడుతుంది, మనుషులు మనుషుల్లాగే ఉంటారు.

కాబట్టి గ్రూపులకి వెనక్కి జరగగలిగినంత జరుగు, 35 దాటి వైడ్‌కి పోకు. ఒకే వరస కాకుండా రెండు మూడు వరసలు కట్టించు. అంచుల్లో ఓ మనిషంత ఖాళీ వదిలి, తర్వాత కోసేసుకో. ఆ ఖాళీ వదలడానికి చోటు లేకపోతే అంచుల్లో సన్నటి కుర్రాళ్లని నిలబెట్టు. నవ్వుకో, కానీ పనిచేస్తుంది.

ఇక వీధి. మైలాపూరు మాడవీధుల్లో పంగుని అనే తమిళ మాసంలో జరిగే ఉత్సవం ఎనిమిదో రోజున అరువత్తుమూవర్ ఊరేగింపు జరుగుతుంది, 63 మంది నాయన్మార్ల (శివభక్తుల) విగ్రహాలు పల్లకీల్లో వస్తాయి. కాలు పెట్టే సందుండదు. అక్కడ వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేసుకునే తీరిక ఎక్కడిది? 28 పెట్టి, ఎఫ్ 8కి తిప్పి, ఫోకస్‌ని చేత్తో 2 మీటర్ల దగ్గర బిగించేస్తాను. ఒకటింబావు మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. 35 అయితే అదే ఎఫ్ 8లో 3 మీటర్ల దగ్గర పెడితే రెండు నుంచి ఏడు మీటర్లు. ఇంక ఫోకస్ మాట మర్చిపోయి మొహాలు చూసుకోవచ్చు. నీ బాడీ మీద 18, 24లకి ఎఫ్ 5.6 పెట్టినా లోతు ఇంచుమించు ఇంతే వస్తుంది. అన్నట్టు, కిట్ లెన్సుల్లో చాలావాటికి దూరం అంకెలు చెక్కి ఉండవు. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఏ స్తంభం మీదో ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చేసి, ఇక జూమ్ ముట్టుకోకు.

మనుషుల దగ్గరికి వెళ్లాలి కాబట్టి మొహమాటం ఓ సమస్య. కాసిమేడు రేవులో తెల్లారుజామున చేపల వేలం దగ్గర, కోయంబేడు పూల అంగళ్ల దగ్గర నాలుగడుగుల్లో నిలబడి దొంగచాటుగా తీయలేవు. తీయకూడదు కూడా. నేను కెమెరా కనపడేలా మెడలో వేసుకుని "అణ్ణా, ఒరు ఫోటో" అంటాను. ముందు పోజిస్తారు, అది తీసి చూపిస్తాను. ఆ తర్వాత వాళ్లు పనిలో పడతారు, అప్పుడు తీసేదే నాకు కావలసిన ఫోటో. కోయంబేడులో తెలుగు చెవిన పడటం వింత కాదు, "ఏ ఊరు మనది?" అని ఒక మాట కలిస్తే రెండడుగుల్లోకి కూడా వెళ్లొచ్చు.

కట్టడాలకి ఒకే మాట. రిప్పన్ బిల్డింగ్ (చెన్నై కార్పొరేషన్ ఆఫీసు) ముందు నిలబడి 28ని పైకెత్తితే గడియారం గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది. కెమెరాని నిటారుగా ఉంచి, వెనక్కి జరిగి, అడుగున మిగిలిన రోడ్డుని తర్వాత కోసెయ్యి.

ఎక్కడ పనికిరాదో కూడా త్వరగా చెప్పేస్తా. డిసెంబరు కచేరీల్లో పదో వరస నుంచి గాయకురాలి మొహం కావాలంటే వద్దు. పళ్లికరణై చిత్తడిలో పక్షులకి అసలే వద్దు. ఒక్క మొహమే ఫ్రేము నిండా కావాలంటే వద్దు. 35తో మొహం నిండాలంటే రెండడుగుల లోపలికి వెళ్లాలి, అప్పుడు ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి.

28 మేలా 35 మేలా అంటే పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికా వీధుల్లో ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 28తో తిరిగాడు. ఫ్రాన్సు ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ అయితే ఎక్కువగా 50తోనే సరిపెట్టుకుని అసలు వైడ్ వైపే పెద్దగా పోలేదు. చిన్న కెమెరాల్లో రికో జీఆర్ ఎక్కువగా 28 చూపుకీ, ఫూజీ ఎక్స్100 వరస 35 చూపుకీ కట్టుబడ్డాయి, రెంటికీ భక్తులున్నారు. నా మటుకు 35 ఎక్కువ మాట్లాడని లెన్సు, ఫోటో చూసినవాళ్లకి వైడ్‌తో తీశాడన్న ధ్యాసే రాదు. 28లో ఆ ధ్యాస కొంచెం వస్తుంది. దగ్గరికి వెళ్లే ధైర్యం ఉంటే ఫోటోలో ఊపొస్తుంది, లేకపోతే ఖాళీ వస్తుంది. ఇక ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 చూపు నీ జేబులోనే ఉంది, ఇప్పటి ఫోన్ల మెయిన్ కెమెరాలు చాలావరకు 24, 26 దరిదాపుల్లోనే చూస్తాయి. ఫోనుతో గ్రూపు తీసినప్పుడు అంచుల్లో అత్తయ్యలు ఎందుకు లావవుతారో ఇప్పుడు తెలిసిందిగా.

ఈ నెల రోజులూ ఇంట్లో, ఆఫీసు క్యాంటీన్లో, బస్టాపులో, ఎక్కడైనా సరే ఆ టేపు అంటించిన 24తోనే తియ్యి. పెళ్లయ్యాక కంప్యూటర్లో ఏ ఫోటో ఏ అంకె దగ్గర తీశావో చూసుకో. నీకు నచ్చినవి 24 చుట్టూ పోగైతే అప్పుడు 23 గానీ 24 గానీ ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) కొను. ఎఫ్ 1.8ది దొరికితే కిట్ లెన్సు ఇచ్చే ఎఫ్ 4 కన్నా దాదాపు అయిదు రెట్లు వెలుగు లోపలికొస్తుంది. 18 చుట్టూ పోగైతే లెక్క వేరు, అప్పుడు మళ్లీ రాయి.

ఇంకొక్కటి, మర్చిపోయేట్టున్నాను. ముహూర్తానికి గంట ముందే వీడియో అబ్బాయితో, పెళ్లివారు పెట్టుకున్న ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడుకో. తెర పట్టేటప్పుడు వాళ్లెక్కడ నిలబడతారో అడిగి, రెండో పక్కన నువ్వు చోటు చూసుకో. నీ వైడ్ లెన్సుకి అడ్డం పడేది వాళ్లే, వాళ్ల ఫ్రేముకి అడ్డం పడేది నువ్వే.